హాలు ఉంది, తాళం ఎవరి దగ్గర?

రెండు సంచికల కిందట ఒక పాఠకుడు "చర్చివాళ్లు ఊరందరి కోసం పెట్టే కమ్యూనిటీ సెంటర్లు మన దగ్గర ఎందుకు నిలవవు?" అని అడిగితే, హాలు కట్టడం ఆరు నెలల పని, దాన్ని రోజూ తెరవడం జీవితకాలం పని అని రెండు ముక్కల్లో తేల్చేశాను. దాని మీద వచ్చిన ఉత్తరాలు చూశాక అంత తొందరపడకుండా ఉండాల్సింది అనిపించింది. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే. చాలామంది పేర్లు వద్దన్నారు, అందుకని ఊళ్లు, జిల్లాలు మాత్రమే వేస్తున్నాం.

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది గుంటూరు జిల్లాలో ఒక పల్లె. మా విచారణకు, అంటే మా ఊరి చర్చి సంఘానికి, గుడి పక్కనే పెద్ద రేకుల హాలు ఉంది. కట్టి తొమ్మిదేళ్లయింది. పెళ్లిళ్లు, క్రిస్మస్ భోజనాలు తప్పిస్తే ఏడాదంతా తాళమే. నేను డిగ్రీ చేసి ఇంట్లో ఉన్నాను. మరో ఆరుగురం కలిసి సాయంత్రాలు పిల్లలకు చదువు, ఆడవాళ్లకు కుట్టు, ముసలివాళ్లకు కాస్త కాలక్షేపం, ఇలా ఊరందరికీ పనికొచ్చేలా నడుపుదామనుకున్నాం. ఫాదర్ గారు సరే అన్నారు. విచారణ పెద్దలు మాత్రం "మన చందాలతో కట్టుకున్నది, మనవాళ్లకే" అంటున్నారు. ఇంకో సంగతి దాచకుండా చెబుతాను. మా గుడి పేటలో ఉంది. ఊళ్లోవాళ్లు పేటకు పిల్లల్ని పంపుతారా అని మా నాన్నే నవ్వారు. ఇలాంటివి ఎక్కడైనా నిజంగా నడిచాయా? నడిస్తే ఎలా మొదలుపెట్టారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: మీ నాన్నగారు నవ్వారని రాశారు చూడమ్మా, అక్కడే మొదలుపెడతాను. మీ ఉత్తరంలో అసలు ప్రశ్న అదే, మిగతావన్నీ కుర్చీల లెక్క, ఫ్యాన్ల లెక్క.

లండన్‌కు కూడా ఒక ఊరు, ఒక పేట ఉండేవి. మనలా కులం లెక్కన కాదు గానీ దూరం మాత్రం అంతే దూరం. పడమటి వైపు పార్లమెంటు, రాజభవనాలు, పెద్ద హోటళ్లు. తూర్పు వైపు, అంటే ఈస్ట్ ఎండ్‌లో, రేవు కూలీలు, కుట్టుపనివాళ్లు, పొట్ట చేతపట్టుకుని వలస వచ్చినవాళ్లు, ఒక్క గదిలో ఇంటిల్లిపాదీ. 1931లో రెండో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీగారు బస చేసింది ఆ తూర్పు వైపునే, బో అనే చోట, కింగ్స్‌లీ హాల్ అనే కమ్యూనిటీ సెంటర్‌లో. సెప్టెంబరు 12 నుంచి డిసెంబరు 5 దాకా ఆయనది డాబా మీద ఒక చిన్న గది. పగలు రాజభవనంలో చర్చలు, రాత్రికి మళ్లీ ఆ గదే. తెల్లారకముందే లేచి ఆ సందుల్లో నడిచేవారు, వెంట పిల్లలు పరిగెత్తేవారు. అక్టోబరు 2న అక్కడి పసిపిల్లల బడివాళ్లు పుట్టినరోజు కానుకగా ఉన్ని కుక్కబొమ్మలు ఇచ్చారు.

ఆ హాలు పెట్టింది మ్యూరియల్ లెస్టర్, డోరిస్ లెస్టర్ అనే అక్కచెల్లెళ్లు. ఓడలు కట్టే ధనవంతుడి కూతుళ్లు, భక్తి ఉన్న ఇల్లు. తమ్ముడు కింగ్స్‌లీ 1914లో చనిపోతే అతను వదిలివెళ్లిన డబ్బుతో 1915లో మూతపడ్డ ఒక పాత ప్రార్థనాలయం తీసుకుని, తమ్ముడి పేరు పెట్టి తెరిచారు. పనివాళ్లకు సాయంత్రమైతే తాగుడు దుకాణం తప్ప కూర్చునే చోటు లేదు, తాగకుండా కూర్చోవడానికి ఒక చోటు ఉండాలి, మొదటి ఆలోచన అంతే. ఇప్పుడున్న కట్టడం 1928 నాటిది. పసిపిల్లలు, తల్లులు, రాత్రి డ్యూటీ దిగిన కూలీలు, ఆదివారం ప్రార్థనకు వచ్చేవాళ్లు, అందరికీ అదే చోటు. అంత పెద్ద అతిథి లండన్‌లో ఉన్న ఆ పన్నెండు వారాలూ ఆయన్ని చూడాలనుకున్నవాళ్లు చాలామంది పేటకే వచ్చారు. మీ హాలు పేటలో ఉండటం లోపమని మొదటే ఒప్పేసుకోకండి.

అలాగని మీ ఊరి పెద్ద ఇళ్లవాళ్లు రేపే పిల్లల్ని పంపిస్తారని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. బహుశా మొదటి ఏడాది రారు. వాళ్లు వస్తారని ఎదురుచూస్తూ తెరవడం వాయిదా వేస్తే మీ పేట పిల్లలకు కూడా ఏమీ మిగలదు. వాళ్లను రప్పించడం కోసమని హాలును ఊరి మధ్య అద్దె గదిలోకి మారుస్తామంటే నేనైతే అసలే ఒప్పుకోను. ఊళ్లోవాళ్లు మొదట వచ్చేది ఏదైనా పని పడినప్పుడు, అదీ మీ దగ్గర తప్ప ఆ పని ఇంకెక్కడా కానప్పుడు. పింఛను తీసుకునే పెద్దాయనకు ఏటా జీవన ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి, ఫోన్‌లో ముఖం చూపించి చెయ్యొచ్చు, కానీ ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపాలి, రేషన్ కార్డుకు ఈ-కేవైసీ చెయ్యాలి, ఆధార్‌లో పేరు ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉంది. ఈ తలనొప్పులు ఊరికీ పేటకీ ఒకటే. సాయంత్రం 5 నుంచి 7 దాకా ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్, విసుక్కోకుండా నింపిపెట్టే ఒక అమ్మాయి ఉంటే చాలు. డిగ్రీ చేసి ఇంట్లో ఉన్నానన్నారు కదా!

రెండోది పేపర్ బల్ల. నవ్వకండి. గుమ్మం పక్కనే ఒక బల్ల, రెండు తెలుగు దినపత్రికలు, నాలుగు కుర్చీలు. వేటపాలెం సారస్వత నికేతనం మీకు మరీ దూరమేం కాదు, ఒకసారి వెళ్లి చూడండి. 1918లో పుట్టిన గ్రంథాలయం అది, దాని భవనానికి 1929లో శంకుస్థాపన చేసింది కూడా గాంధీగారే, అంటే బోలో డాబా గది ఎక్కడానికి రెండేళ్ల ముందు. మనవాళ్లకు గ్రంథాలయమంటే ఒక గౌరవం ఉంది. ఫలానా వాళ్ల హాలుకు వెళ్లానని చెప్పుకోవడానికి మొహమాటపడే మనిషి కూడా పేపర్ చదవడానికి వెళ్లానని చెప్పుకోగలడు. మొదట్లో ఆ చిన్న సాకు అవసరం.

ఇక మీ విచారణ పెద్దల మాట. "మన చందాలతో కట్టుకున్నది" అనడంలో తప్పేమీ లేదు, కూలి డబ్బుల్లోంచి ఇచ్చినవాళ్లకు ఆ పట్టు ఉంటుంది. వాళ్లతో వాదించకుండా ఈ రెండు కథలూ చెప్పండి.

మొదటిది 1873 నాటిది. శామ్యూల్ బార్నెట్ అనే చర్చి గురువును లండన్ వైట్‌చాపెల్‌లోని సెయింట్ జూడ్ విచారణకు పంపారు. మొత్తం మేత్రాసనంలోకి, అంటే బిషప్ గారి కింద ఉండే చర్చిలన్నిట్లోకి, అధ్వానమైన విచారణ అదేనని పంపించిన బిషప్ గారే ముందుగా చెప్పారు. కొత్తగా పెళ్లయిన భార్య హెన్రియెటా కూడా ఆయనతోనే వెళ్లింది. పదకొండేళ్లు అక్కడే ఉండి, 1884లో పక్కనే టాయిన్‌బీ హాల్ పెట్టారు. పెద్ద యూనివర్సిటీల్లో చదివిన కుర్రాళ్లు వచ్చి పేదల మధ్య కాపురం ఉండి, సాయంత్రాలు చదువు చెప్పడం, కోర్టు కాగితాలు చూసిపెట్టడం, ఇలాంటి పనులు చెయ్యాలి. బార్నెట్ దంపతులు అంతకుముందే, 1881లో, విచారణ బడి గదుల్లో మంచి మంచి చిత్రాలు తెచ్చి ప్రదర్శన పెట్టారు. ఆదివారం కూడా తెరిచారు. ఆదివారం పవిత్రమైన రోజు, బొమ్మలు చూపించడమేంటని భక్తులు గొడవ చేశారు. కూలివాడికి దొరికే సెలవు ఆ ఒక్కరోజే కదా అని బార్నెట్ పట్టు వదల్లేదు. ఆ ప్రదర్శనల్లోంచే 1901లో వైట్‌చాపెల్ గ్యాలరీ వచ్చింది, ఈరోజుకీ ఉంది. టాయిన్‌బీ హాల్‌లో పనిచేసిన కుర్రాళ్లలో ఒకడు క్లెమెంట్ అట్లీ. 1947లో మనకు స్వాతంత్ర్యం వచ్చినప్పుడు బ్రిటన్ ప్రధాని. ఇంకొకడు విలియం బెవరిడ్జ్. 1942లో ఈయన రాసిన నివేదిక మీదే బ్రిటన్‌లో అందరికీ పింఛన్లు, బీమా, ఆదరువు అనే ఏర్పాటంతా లేచింది. పేదలకు నేర్పుదామని వెళ్లినవాళ్లు ఏం నేర్చుకుని తిరిగొచ్చారో చూడండి.

రెండోది మొన్నమొన్నటిది. 1984లో ఆండ్రూ మాసన్ అనే పాదిరీ బ్రామ్లీ-బై-బోలో ఒక చర్చికి వచ్చాడు. గాంధీగారు ఉన్న హాలుకు నడిచి వెళ్లేంత దూరం. రెండు వందల మంది పట్టే గుడి, లోపల పన్నెండు మంది ముసలివాళ్లు, బ్యాంకులో 400 పౌండ్లు. ఆయన చేసిందల్లా తలుపులు తీసి, చుట్టుపక్కల జనాన్ని ఈ చోటుతో ఏం చేద్దామని అడగడం. పిల్లల కేంద్రం వచ్చింది, కళాకారుల పనిగదులు వచ్చాయి, టీ కొట్టు వచ్చింది. గుడి మధ్యలో గుడ్డపందిరి లాంటిది వేసి దాని కింద ప్రార్థన, చుట్టూ పసిపిల్లలు. ఆ పేటలో చాలామంది బంగ్లాదేశ్ నుంచి వచ్చిన ముస్లింలు, వాళ్ల పిల్లలూ అక్కడే. 1997లో ఆ ఆవరణలోనే ఆరోగ్య కేంద్రం కూడా తెరిచారు. ఆ పన్నెండు మంది ముసలివాళ్లు మీ పెద్దల్లాగే "ఇది మనవాళ్లకే" అని తాళం వేసుకుని ఉంటే పదేళ్లకు గుడి ఖాళీ అయిపోయేది. ఈ ముక్క మాత్రం గట్టిగా చెప్పండి.

అసలు గొడవంతా తాళంచెవి దగ్గరే. నా చిన్నప్పుడు మా ఊళ్లో కూడా ఒక కమ్యూనిటీ హాలు కట్టారు. ప్రారంభోత్సవానికి పెద్ద నాయకుడు వచ్చాడు, శిలాఫలకం మీద పదిహేను పేర్లు, తాళంచెవి ఒకాయన దగ్గర. ఆయన కూతురి పెళ్లికి వేరే ఊరు వెళ్లాడు, వారం రోజులు హాలు తెరుచుకోలేదు, ఆ వారంలో అలవాటు తప్పిన జనం మళ్లీ రాలేదు. తర్వాత వరండాలో మేకలు కట్టేసేవారు. మీరు మూడు తాళంచెవులు చేయించండి. ఒకటి ఫాదర్ గారి దగ్గర, ఒకటి మీ ఏడుగురిలో ఒకరి దగ్గర, మూడోది గుడికి రాని మనిషి దగ్గర, అంటే మీ పేటలోనే ఇంకో మతం ఇంట్లోనో, అంగన్‌వాడీ టీచర్ దగ్గరో, మీకు నమ్మకమైన చోట. ఆ మూడో తాళంచెవి ఇవ్వడానికి మీ పెద్దలు ఒప్పుకున్న రోజు మీ సెంటర్ మొదలైనట్టు లెక్క.

పెద్దలకు భయం తగ్గడానికి పెళ్లిళ్ల తేదీలు ముందే క్యాలెండర్‌లో రాసి గోడకు తగిలించండి, ఆ రోజులు హాలు వాళ్లదే. ఆరు నెలలకొకసారి ఆదివారం పూజ అయ్యాక కరెంటు బిల్లుతో సహా లెక్క చదివి వినిపించండి. పిల్లల విషయంలో ఒక్క కఠిన నియమం: ఒక పెద్దమనిషి, ఒక పిల్ల, మూసిన తలుపు, ఈ మూడూ ఎప్పుడూ కలవకూడదు. ఎప్పుడూ ఇద్దరు పెద్దలు, తలుపు తెరిచి. అది ఫాదర్ గారికైనా, మీకైనా, నాకైనా ఒకటే.

ఆడవాళ్లకు కుట్టు అని రాశారు. ఎవరైనా ఇస్తామన్నా పది మిషన్లు ఇప్పుడే తెచ్చిపెట్టకండి, రెండే తెచ్చి ఎంతమంది వస్తారో చూడండి. తుప్పు పట్టిన కుట్టుమిషన్లు నేను చూసినన్ని ఇంకెవరూ చూసి ఉండరు.

ప్రశ్న: మా అబ్బాయి ఏడో తరగతి. దగ్గర్లో చర్చివాళ్ల హాలులో ఉచితంగా ట్యూషన్ చెబుతున్నారు, వాడికి లెక్కలు బాగా వస్తున్నాయి. కానీ మా వీధిలోవాళ్లు "ముందు చదువు, తర్వాత బాప్తిస్మం" అని మా ఆవిడను భయపెడుతున్నారు. మేం వెంకటేశ్వరస్వామి భక్తులం. పంపాలా, మానిపించాలా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఇంత ముక్కుసూటిగా అడిగినందుకు సంతోషం, ఎక్కువమంది మనసులో పెట్టుకుని లోలోపల రగిలిపోతారు. ఈ అనుమానం ఊరికే పుట్టలేదు, అలా చేసిన చోట్లు ఉన్నాయి. మతం గురించి పెదవి కదపకుండా మంచి పని చేసిన చోట్లు కూడా ఉన్నాయి. మీ హాలు ఏ రకమో వీధిలోవాళ్లకు తెలియదు, నాకూ తెలియదు, మీరే వెళ్లి చూడాలి.

ఈ గొడవ చాలా పాతది. పైన చెప్పిన టాయిన్‌బీ హాల్‌లో మతం షరతు ఉండకూడదని బార్నెట్ ముందే తేల్చాడు. అది మరీ లౌకికంగా ఉందని నొచ్చుకున్న క్రైస్తవులే అదే 1884లో కాస్త దూరంలో బెత్నల్ గ్రీన్‌లో ఆక్స్‌ఫర్డ్ హౌస్ అని విడిగా ఇంకొకటి పెట్టుకున్నారు. వాళ్లు కూడా పేదలకు సేవ చేశారు, ఆ మాట కాదనలేం. అంటే ఒకే మతంవాళ్లలో కూడా దీని మీద రెండు దారులు ఉంటాయి.

మీరు చెయ్యాల్సింది ఇది. ఒకరోజు ట్యూషన్ టైముకు చెప్పకుండా వెళ్లి గంటసేపు కూర్చోండి. తల్లిదండ్రులు కూర్చుంటామంటే ఇబ్బంది పడే చోటు మంచిది కాదు, చర్చి అయినా, గుడి అయినా, కార్పొరేట్ కోచింగ్ అయినా. బిస్కెట్ ప్యాకెట్ ప్రార్థన చేసినవాళ్లకేనా, అందరికీనా? ప్రార్థన ఉంటే ఆ సమయానికి మీవాడు బయట ఆడుకోవచ్చా? ఈ రెండూ నేరుగా అడగండి. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న విద్యాసంస్థల్లో మైనర్ పిల్లల్ని సంరక్షకుల సమ్మతి లేకుండా మతబోధలో, ప్రార్థనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలో ఉంది. ట్యూషన్ హాలుకు అది నేరుగా వర్తించకపోవచ్చు, కొలతబద్దగా మాత్రం బాగా పనికొస్తుంది. ఆ కొలతకు నిలిస్తే పంపండి. వాడికి లెక్కలు వస్తున్నాయన్నారు, ఈ రోజుల్లో అది చిన్న విషయం కాదు. నిలవకపోతే మర్యాదగా చెప్పి మానిపించండి, వీధిలో పంచాయితీ పెట్టొద్దు.

మీ ఆవిడ గారిని కూడా తీసుకెళ్లండి. మీరొక్కరే చూసొచ్చి "ఏం లేదులే" అంటే ఆమె టెన్షన్ తగ్గదు.

ప్రశ్న: మాది సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. పాత పాస్టర్ గారి బంగళాను పిల్లలకు, వృద్ధులకు కమ్యూనిటీ సెంటర్‌గా చేద్దామని కమిటీ వేశాం, నేను కార్యదర్శిని. మా అన్నయ్య డాలస్‌లో స్థిరపడ్డాడు, నెలకు 500 డాలర్లు పంపుతానంటున్నాడు. సంఘం ఖాతాలో వేయించుకోవచ్చా? రిజిస్ట్రేషన్ కావాలా?
– రాజమహేంద్రవరం

జవాబు: ఆగండి, డబ్బు వేయించుకోకండి. ముందు మీ అన్నయ్య గారిని ఒక్క మాట అడగండి: పాస్‌పోర్టు ఏ దేశానిది?

భారత పాస్‌పోర్టే ఉంటే, ఆయన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, మీ సొంత అన్నే అయినా, గోదావరి ఒడ్డున పుట్టినా, చట్టం దృష్టిలో విదేశీయుడే. ఆయన మీ సంస్థకు ఇచ్చే డాలరు విదేశీ విరాళమే. విదేశీ పౌరులైన మనవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద, అందరూ ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు, కేంద్ర హోంశాఖ అనుమతి ఉండాలి. 2020లో దాన్ని ఇంకా బిగించారు. అలాంటి డబ్బు ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి, ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు ఇవ్వకూడదు, కార్యాలయ ఖర్చులు 20 శాతం దాటకూడదు. మామూలుగా రిజిస్ట్రేషన్ రావాలంటే సంస్థకు మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో సేవా పనుల మీద 15 లక్షల ఖర్చు చూపించాలి. నిన్న వేసిన కమిటీకి అది ఎటూ కుదరదు. "మా మేత్రాసనానికి ఎఫ్‌సీఆర్‌ఏ ఉంది, వాళ్లు తీసుకుని మాకిస్తారు" అనే సలహా ఎవరైనా ఇస్తే, ఇప్పుడది చెల్లదని చెప్పండి. ఈ దారిలో తెలియక ఇరుక్కున్న అమాయకులను చూశాను.

రిజిస్ట్రేషన్ విషయానికొస్తే, ఏపీ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. ఏడుగురూ సంఘ పెద్దలే కాకుండా చూసుకోండి, ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు, ఒకరిద్దరు సంఘానికి బయటివాళ్లు ఉంటే రేపు మాట పడదు. ఆ బంగళా మీ సంఘం పేరున ఉండదు. సీఎస్‌ఐ ఆస్తులు మామూలుగా సీఎస్‌ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటాయి, కాబట్టి మేత్రాసనం నుంచి ఎన్నేళ్లు, ఏ పనికి అనేది కాగితం మీద తీసుకోండి. ప్రస్తుత అయ్యగారు నోటిమాటగా సరే అన్నారని సున్నాలు వేయించి బాత్రూములు కట్టించకండి, ఆయనకు రేపు బదిలీ అయితే వచ్చే అయ్యగారు ఎవరో!

ఊళ్లో పోగుచేసే చందాల సంగతి చిన్నదే. రసీదు పుస్తకం ఉండాలి, అంతే. పన్ను మినహాయింపు కోసం అడిగే దాతలు, అదే మనవాళ్లు 80జి అంటారు కదా, వాళ్లకు 2,000 రూపాయలు దాటితే నగదు పనికిరాదు, బ్యాంకు ద్వారానే ఇమ్మనండి. మీ సంస్థకు ఆ రిజిస్ట్రేషన్ ఉంటేనే ఆ మినహాయింపు కూడా. ఒక చార్టర్డ్ అకౌంటెంట్‌ను కూర్చోబెట్టుకోండి. ఆయన ఫీజు దండగ అనుకోకండి.

అన్నయ్య గారు అమెరికా పౌరుడే అయితే ఆయన్ని సెలవుల్లో వచ్చి నెల రోజులు పిల్లలకు ఇంగ్లీషు చెప్పమనండి. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి అక్కర్లేదు.

ప్రశ్న: రిటైరయ్యి ఆరేళ్లు. పిల్లలు బెంగళూరులో. మా ఆవిడ పోయాక ఇంట్లో మాట్లాడే మనిషి లేడు. బీపీ, షుగర్, నిద్ర పట్టదు. డాక్టర్ మాత్రలు మారుస్తూనే ఉన్నాడు. మా వీధి చివర చర్చివాళ్లు వృద్ధుల కోసం ఏదో నడుపుతున్నారట. నాకు భజనలు, ప్రార్థనలు రెండూ పడవు. వెళ్తే ఏం చేస్తాను అక్కడ?
– విశాఖపట్నం

జవాబు: సార్, మాత్రలు ఆపకండి, వాటి గురించి నేను మాట్లాడను. బ్రామ్లీ-బై-బో గురించి పైన రాశాను కదా, అక్కడి డాక్టర్లు ఒక పని చేస్తారు. ఒంటరితనం, అప్పులు, దిగులు వల్ల ముదిరే జబ్బులకు మందుల చీటీతో పాటు ఫలానా రోజు తోటపనికి వెళ్లు, ఫలానా మనిషిని కలువు అని కూడా రాసిస్తారు. తర్వాత బ్రిటన్ ప్రభుత్వ వైద్య వ్యవస్థే ఈ పద్ధతిని తీసుకుంది.

మీరేం ఉద్యోగం చేసి రిటైరయ్యారో రాయలేదు. ఏదైనా సరే, "నాకేం పెడతారు" అని కాకుండా "నాకు ఈ పని వచ్చు, ఎవరికైనా కావాలా" అని వెళ్లండి. టెలిఫోన్ బిల్లు తప్పు పడితే ఉత్తరం రాసిపెట్టడం కూడా ఒక విద్యే. వారానికి రెండు రోజులు, నెల రోజులు వెళ్లి చూడండి. ప్రార్థన మొదలయ్యే టైముకు లేచి బయట టీ తాగండి, ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే నాకు రాయండి.

ప్రశ్న: మేం లండన్‌లో ఈస్ట్ హామ్‌లో ఉంటాం. గాంధీగారు ఉన్న గది ఇక్కడెక్కడో ఉందట, పిల్లలకు చూపించాలని ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: మీకు చాలా దగ్గర. బ్రామ్లీ-బై-బో ట్యూబ్ స్టేషన్‌లో దిగితే పోవిస్ రోడ్‌లో కింగ్స్‌లీ హాల్, గోడ మీద ఆయన పేరున నీలం ఫలకం ఉంటుంది. అది ప్రదర్శనశాల కాదు, ఇప్పటికీ కమ్యూనిటీ సెంటరే, కాబట్టి ముందు అడిగి వెళ్లండి. ఆ పక్కనే బ్రామ్లీ-బై-బో సెంటర్ కూడా చూసి రండి, పనిలో పని.

ప్రశ్న: అక్కా, నేను ఇంటర్ సెకండియర్. మా చర్చి హాలులో క్యారమ్ బోర్డు ఉంది. సాయంత్రం అయితే పెద్దాయనలు కూర్చుని లేవరు. మేం వెళ్తే "వెళ్లి చదువుకోండ్రా" అంటారు. చిన్నపిల్లలు ఇంకో పక్క అరుపులు. అన్ని వయసులవాళ్లకీ అని బోర్డు మీద రాశారు, మాకే టైము లేదు.
– నెల్లూరు

జవాబు: నిజమే తమ్ముడూ, అన్ని వయసులవాళ్లకీ అని రాసిన ప్రతి చోటా తేలిగ్గా నష్టపోయేది మీ వయసువాళ్లే. చిన్నపిల్లలంటే అందరికీ ముద్దు, ముసలివాళ్లంటే అందరికీ గౌరవం, పదిహేడేళ్లవాడంటే అందరికీ అనుమానం.

పాస్టర్ గారికి కాగితం మీద రాసి ఇవ్వండి, నోటితో చెబితే మర్చిపోతారు. చిన్నపిల్లలకు 4 నుంచి 5న్నర, పెద్దాయనలకు 5న్నర నుంచి 7, మీకు 7 నుంచి 8న్నర. మీ టైము అయ్యాక హాలు ఊడ్చి, లైట్లు ఆర్పి, తాళం వేసే బాధ్యత మాదే అని అందులో రాయండి. ఆ లైను చూస్తే ఒప్పుకుంటారు. వారానికి ఒకరోజు పెద్దాయనలతో జట్టు కట్టి ఆడండి, వాళ్లలో ఒకాయన మీరనుకున్న దానికంటే బాగా ఆడతాడు, చూసుకోండి. స్ట్రైకర్ మాత్రం మీది మీరే కొనుక్కోండి. వాళ్లది పోతే ఆ గొడవ ఈస్టర్ దాకా తెగదు.